అక్షరానికి తాళమెందుకు?

గత మార్చి మాసంలో ఒక ఆదివారం సాయంకాలం నా పూర్వవిద్యార్థి ఒకడు కనకమామిడిలోని మా యింటికి వచ్చినాడు. ఇప్పుడతడు చేవెళ్ళ ప్రాంతంలో ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడు. పిల్లల పరీక్షలు దగ్గరపడినవి. ప్రశ్నపత్రం తయారుచేసి, ఒకసారి చూచి పెట్టుమని తెచ్చినాడు. లాప్‌టాప్ తెరవగానే పైభాగాన ఒక పట్టీ ప్రత్యక్షమైనది. ఈ ప్రతి అసలైనది కాదనీ, వెంటనే అసలుది కొనుక్కోవలసినదనీ దాని సారాంశం.

పాపం, అతడు సిగ్గుపడినాడు. “నేను జేసింది కాదు సారూ. అమ్మినాయనే ఏసి ఇచ్చిండు. ఇప్పుడేమో రోజూ దొంగది, దొంగది అని చూపిస్తున్నది. అసలుది కొందామంటే ఏటేటా పైసలు కట్టాలంట. నా ఒక్కనిదంటే ఎట్లనో కట్టుకుంట. బడిల ఉన్న పది కంప్యూటర్లకు ఏడికెల్లి తేవాలె?” అన్నాడు.

ఈ సిగ్గు అతనొక్కనిది కాదు. మన బడులలో, జిరాక్సు దుకాణాలలో, ఇండ్లలో కంప్యూటరు ముందు కూర్చుండేవారిలో ఎందరో తెలిసీ తెలియక దొంగప్రతులమీదనే పని గడుపుకొంటున్నారు. వారిని నిందించి ప్రయోజనం లేదు. అయినా, పరీక్షలో ప్రక్కవాని కాగితం చూచి వ్రాయరాదని పిల్లలకు చెప్పే ఉపాధ్యాయుడు, ఆ హెచ్చరికను అచ్చువేసి గోడకంటించడానికి దొంగప్రతినే ఆశ్రయించవలసి రావడం ఎంత అవస్థ!

“లిబ్రేఆఫీసు అని ఒకటున్నది, అది వేసుకో. ఎవరికీ ఒక్క పైసా కట్టనక్కరలేదు. దొంగతనమూ కాదు” అన్నాను.

“పుణ్యానికొచ్చేది మంచిగ పనిజేస్తదా సారూ?” అన్నాడు.

వెల లేకుండ దొరికేదానిని మన పల్లెలలో పుణ్యానికి వచ్చిందంటారు. ఇచ్చినవానికి పుణ్యం, పుచ్చుకొన్నవానికి అనుమానం! ఇంగ్లీషులో మరొక చిక్కున్నది. ‘ఫ్రీ’ అన్న ఒక్క మాటే వెల లేకపోవడాన్నీ, కట్టుబాటు లేకపోవడాన్నీ కూడ చెప్పవలసి రావడంవల్ల ఆ భాషవారు నలభై ఏండ్లుగా దానికి వివరణలిచ్చుకొంటూనే ఉన్నారు. మనకా బాధ లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. 1983లో రిచర్డ్ స్టాల్మన్ అనే అమెరికా దేశపు ప్రోగ్రామరు ‘గ్నూ’ అనే ప్రయత్నాన్ని ప్రకటించినప్పుడు కోరినది ఈ రెండవదానినే. సాఫ్ట్‌వేరును ఏ పనికైనా వాడుకొనే స్వేచ్ఛ. దాని మూలరచనను చదివి, ఎట్లు పనిచేయుచున్నదో తెలిసికొని, అవసరమైతే మార్చుకొనే స్వేచ్ఛ. ప్రతులు తీసి పదుగురికి పంచే స్వేచ్ఛ. మార్చిన ప్రతులను సైతం పంచే స్వేచ్ఛ. ఈ మార్గంలో పనిచేయాలని 2005లో మన హైదరాబాదులో బయలుదేరినవారు తమ సంస్థకు ‘స్వేచ్ఛ’ అనే పేరు పెట్టుకొన్నారు. ఇంజినీరింగు విద్యార్థులను కూడగట్టి, తెరమీద తెలుగులో పలుకరించే ఆపరేటింగు వ్యవస్థను తయారుచేసినారు. చిన్నపిల్లల కోసం ‘బాల స్వేచ్ఛ’ను వెలువరించినారు. పేరు పెట్టడంలోనే సగం వివాదం తీరిపోయినది.

వెల లేదన్న సంగతిని నేను తక్కువ చేయను. పేద బడికి అది చిన్న విషయం కాదు. కాని నేనీ మార్గానికి వచ్చినది డబ్బు మిగులుతుందన్న ఆశతో కాదు. ఒక నష్టం జరిగిన తరువాత, ఆ నష్టం ఎందుకు జరిగినదో తెలిసిన తరువాత. అది పాఠకులకు చెప్పవలె.

2002వ సంవత్సర ప్రాంతంలో నా తరగతి విద్యార్థులచేత ఒక పని చేయించినాను. వారిలో చాలమంది చేవెళ్ళ, మొయినాబాదు పరిసరాల పల్లెలవారు. సెలవులకు ఇండ్లకు పోయినప్పుడు అవ్వల దగ్గర కూర్చొని నాటుపాటలు, బతుకమ్మ పాటలు, సామెతలు వ్రాసి తెండని చెప్పినాను. మొదట నవ్వినారు. తరువాత పోటీలు పడి తెచ్చినారు. మూడేండ్లు సాగిన ఈ పనిలో నోటుబుక్కులు గుట్టపడినవి. వాటినన్నింటిని పట్నంలో ఒక డీటీపీ కేంద్రంలో నా జీతపు డబ్బుతో టైపు చేయించి, సీడీమీద ఎక్కించి తెచ్చుకొన్నాను. ఇక ఇవి శాశ్వతమని మురిసినాను. నోటుబుక్కుల సంగతి మరచినాను. వాటిని చెదలు తిన్నవి.

ఆ రోజులలో కంప్యూటరులో తెలుగు వ్రాతకు ఒక్కొక్క కంపెనీది ఒక్కొక్క సంకేతం. నిజానికి యంత్రానికి తాను తెలుగు దాచుచున్నానన్న ఎరుకే ఉండేది కాదు. ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో, కామాల, కుండలీకరణాల స్థానాలలో తెలుగు ముక్కల బొమ్మలు పెట్టేవారు. తలకట్టు ఒక బొమ్మ, గుడి ఒక బొమ్మ, ఒత్తు ఒక బొమ్మ. వాటిని అతికి చూపితే కంటికది తెలుగు. ఆ ఫాంటు తొలగిస్తే పిచ్చిగీతలు. నా పాటలు టైపయిన సాఫ్ట్‌వేరుకు మరొక విశేషమున్నది. యంత్రం వెనుక చిటికెనవేలంత పరికరమొకటి తగిలిస్తేనే అది తెరుచుకొనేది. అదే దాని తాళపుచెవి. కొన్నాళ్ళకు ఆ డీటీపీ కేంద్రం మూతపడినది. తాళపుచెవి ఎవరి వెంట పోయినదో తెలియదు.

పదేండ్ల తరువాత పుస్తకంగా వేయాలని సీడీ తెరిస్తే అందులో ఒక్క తెలుగు అక్షరం లేదు. ప్రశ్నార్థకాలు, చుక్కలు, పొడి ఇంగ్లీషు అక్షరాలు. పాత ఫాంట్ల వ్రాతను నేటి పద్ధతికి మార్చే సాధనాలు కొన్ని ఉన్నవి. వాటివల్ల ఎందరో తమ పాత రచనలను దక్కించుకొన్నారు. నాకు దొరికిన సాధనమేదీ నా సీడీకి సరిపోలేదు. అచ్చుతప్పులు దిద్దడానికి ఆనాడు తీయించిన కాగితాలు మాత్రం 38 మిగిలినవి. తక్కిన పాటలు ఆ సీడీలోనే ఉన్నవి. నా చేతిలోనే ఉన్నవి. చదువలేను. వాటిని పాడిన అవ్వలలో చాలమంది ఇప్పుడు లేరు.

ఆ సీడీ ఉన్న బీరువాలోనే పై అరలో ‘గోలకొండ కవుల సంచిక’ ఉన్నది. తెలంగాణంలో కవులు లేరన్న మాటకు సమాధానంగా సురవరం ప్రతాపరెడ్డిగారు 1934లో వెలువరించిన గ్రంథమది. అందులో 354 మంది కవులున్నారు. నా దగ్గర ఉన్నది పునర్ముద్రణ ప్రతి. కాని తొలి ప్రతిని తెరచి చదువగలిగినారు గనుకనే గదా పునర్ముద్రణ సాధ్యమైనది! తొంభై ఏండ్లనాటి ఆ పుస్తకం చదవడానికి తెలుగు వస్తే చాలును. ఏ కంపెనీ బ్రతికి ఉండవలసిన పని లేదు; ఏ తాళపుచెవీ వెదకనక్కరలేదు. ఇరువది ఏండ్లనాటి నా సీడీ మూగపోయినది. తాటాకులమీద వ్రాసినవారు సైతం నాకంటె తెలివైన పని చేసినారని ఆనాడనిపించినది.

ఇందులో రెండు తాళాలున్నవి. ఒకటి అక్షరాలది. అది చాలవరకు విడిపోయినది. ప్రపంచ భాషలన్నింటికీ ఒకే సంకేతపట్టిక ఉండవలెనని ఏర్పడిన యూనికోడులో 1991నాటి తొలి ప్రమాణంనుండీ తెలుగుకు చోటున్నది. ‘క’ అన్న అక్షరానికి ఒక సంఖ్య. అది హైదరాబాదులోనైనా అమెరికాలోనైనా అదే. రెండవది ఫైలుది. అక్షరాలేవో తెలిసినా, శీర్షిక ఎక్కడ, పట్టిక ఎక్కడ, పేరా ఎక్కడ ముగిసినదన్న సమాచారాన్ని ఏ పద్ధతిలో దాచినారో లోకానికి తెలియకపోతే, దానిని దాచిన సాఫ్ట్‌వేరు పోయిననాడు అదీ పోతుంది. ఈ దాచే పద్ధతిని బహిరంగంగా వ్రాసిపెట్టిన ప్రమాణమే ఓపెన్ డాక్యుమెంట్ ఫార్మాట్. ప్రమాణాలను రూపొందించే ‘ఒయాసిస్’ అనే సంస్థ దానిని 2005లో ఆమోదించినది. 2006లో అది అంతర్జాతీయ ప్రమాణమైనది. లిబ్రేఆఫీసు తన ఫైళ్ళను సహజంగా ఈ పద్ధతిలోనే దాస్తుంది.

ఉపాధ్యాయ మిత్రులు ఒక చిన్న ప్రయోగం పిల్లలచేత చేయించవచ్చు. లిబ్రేఆఫీసులో నాలుగు తెలుగు వాక్యాలు వ్రాసి దాచండి. ఆ ఫైలుకు ఒక నకలు తీసి, పేరు చివర ఉన్న ఓడీటీ అనే మూడక్షరాలను తీసివేసి జిప్ అని పెట్టండి. ఇప్పుడు దానిని మూట విప్పినట్లు విప్పవచ్చు. లోపల కొన్ని ఫైళ్ళుంటవి. అందులో కంటెంట్ అన్న పేరుగలదానిని సాదా వ్రాతపలకలో తెరిస్తే, ఏవేవో గుర్తుల నడుమ మీ నాలుగు వాక్యాలు స్వచ్ఛమైన తెలుగులో కనబడుతవి. రేపు లిబ్రేఆఫీసే అంతరించినా ఆ వాక్యాలు పోవు. నేనీ ప్రయోగం మొదటిసారి చేసిననాడు చాలసేపు ఆ తెరవంక చూస్తూ కూర్చున్నాను.

న్యాయంగా మరొక మాట చెప్పవలె. మైక్రోసాఫ్టువారి వర్డు నేడు వాడే డాక్‌ఎక్స్ పద్ధతి కూడ 2008లో అంతర్జాతీయ ప్రమాణాలలో చేరినది; వారి సాఫ్ట్‌వేరు ఓడీటీ ఫైళ్ళను తెరువగలదు, దాచగలదు. కాబట్టి దానిని వాడేవారు మహాపరాధం చేసినట్లు మాట్లాడడం తగదు. డబ్బు చెల్లించి వాడుకొనేవారు వాడుకొనవచ్చు. నా మాట డబ్బు లేనివారి కోసం, దొంగప్రతి సిగ్గు వద్దనుకొనేవారి కోసం, తమ వ్రాత ఏండ్లకేండ్లు తమదిగానే ఉండవలెనని కోరేవారి కోసం.

ఈ లిబ్రేఆఫీసు చరిత్ర కూడ చెప్పుకోదగినదే. 1985లో జర్మనీలో మార్కో బోరీస్ అనే పదహారేండ్ల బాలుడు స్టార్ డివిజన్ అనే సంస్థను స్థాపించినాడు. దాని స్టార్ ఆఫీసును 1999లో సన్ మైక్రోసిస్టమ్స్ కొన్నది. 2000లో దాని మూలరచనను లోకానికి విడిచిపెట్టినది. అట్లా ఓపెన్ ఆఫీస్ పుట్టినది. 2010లో సన్ కంపెనీ ఒరాకిల్ చేతికి పోగానే, దానిమీద పనిచేయుచున్నవారిలో చాలమందికి భయం పట్టుకొన్నది. అదే ఏడు సెప్టెంబరులో వారు డాక్యుమెంట్ ఫౌండేషన్ అనే సంస్థగా ఏర్పడి, ఆ రచననే లిబ్రేఆఫీసు అన్న కొత్త పేరుతో కొనసాగించినారు. యజమాని మారినా పని ఆగలేదు. నా డీటీపీ కేంద్రం కథకూ దీనికీ ఉన్న భేదమంతా ఇక్కడనే ఉన్నది. మూలరచన పదుగురి చేతిలో ఉంటే ఒకడు దుకాణం కట్టేసినా మరొకడు తెరుస్తాడు.

మన తెలుగుకు సంబంధించిన కథ వేరే ఉన్నది. ఆ 2005లోనే కేంద్ర ప్రభుత్వం తెలుగు సాఫ్ట్‌వేరు సాధనాల సీడీని వెలువరించినది. ఓపెన్ ఆఫీసుకు తెలుగు రూపం, కొన్ని ఫాంట్లు అందులో ఉన్నవి. తరువాత స్వచ్ఛంద సేవకులు, అనువాదకులు ఎందరో చేయి కలిపినారు. ఇట్టి అనువాదాలలో ఫైలుకు ‘దస్త్రం’ అన్న మాట చూచినప్పుడు నాకెంతో సంతోషమైనది. పట్వారి చంకలోని దస్త్రం మన పల్లెలకు క్రొత్త కాదు. పారసీకంనుండి వచ్చినా మనదైపోయిన మాట. అన్ని మాటలూ ఇంత అదృష్టవంతమైనవి కావు. కొన్ని అనువాదాలు నిఘంటువు ముందు పెట్టుకొని చేసినవి, ఇంగ్లీషు తెలిసినవానికే తప్ప అర్థంకానివి. ఈ లోపానికి తప్పు ఎవరిది? తెలుగు బోధించే మనం దూరంగా నిలిచినాము. ఇంజినీర్లు తమకు తోచినట్లు చేసినారు. మాట బాగులేదని పెదవి విరువడం సులువు. ఈ సాఫ్ట్‌వేరులో మంచి మాట సూచించి మార్పించే దారి కూడ ఉన్నది. వెల పెట్టి కొన్న వస్తువులో అది మన చేతిలో లేదు.

అక్షరదోషాలను పట్టే నిఘంటువు మాట ఇంకొకటి. తెలుగుకు అట్టిది లిబ్రేఆఫీసులో ఉన్నది; కాని ఇంకా బాల్యావస్థలో ఉన్నది. మాటల పట్టికతో పోల్చిచూచి, పట్టికలో లేనిదానిక్రింద ఎర్రగీత గీయడమే దాని పని. ఇంగ్లీషుకు ఆ పద్ధతి చాలును. తెలుగులో ‘వచ్చినాడు’ పట్టికలో ఉంటే ‘వచ్చినాడన్నాడట’ ఉండదు. విభక్తులు చేరి, సంధులు కుదిరి, ఒక్క ధాతువునుండి పుట్టే రూపాలను పట్టికకెక్కించబోతే గ్రంథాలు చాలవు. చిన్నయసూరి సూత్రాలను వల్లెవేయించిన మనకంటె ఈ చిక్కు బాగా తెలిసినవారెవరు? ప్రోగ్రాము వ్రాసేవాడు, వ్యాకరణం తెలిసినవాడు ఒకే బల్లముందు కూర్చుంటే తప్ప ఇది తెమలదు. ఎం.ఏ. విద్యార్థులు పరిశోధనకు విషయాలు దొరకడం లేదని వాపోతుంటారు. విషయం వారి కంప్యూటరులోనే ఎర్రగీతలు గీసి పిలుచుచున్నది!

ఇక ఆక్షేపణలు. నా శిష్యుడే వారం తిరగకుండ నాలుగు తెచ్చినాడు. ఇక్కడ చేసిన పట్టిక అక్కడ వర్డులో తెరిస్తే వరుస చెదరినది. నిజమే, అట్లా జరుగుతుంది. అచ్చుకు పోయే కాగితాన్ని పీడీఎఫ్ చేసి పంపితే ఈ బాధ ఉండదు. కార్యాలయంవారు డాక్‌ఎక్స్ కావలెనంటే ఆ రూపంలోనే దాచి పంపవచ్చు. తెలుగు అక్షరాల పరిమాణం ఒకచోట మార్చితే మారలేదన్నాడు. దీనికి కారణం వినోదకరమైనది. ఆ సాఫ్ట్‌వేరు తెలుగును ‘సంక్లిష్ట లిపి’ అనే వర్గంలో చేర్చినది. మొదటిరోజుననే అమరికలలోకి పోయి ఆ వర్గానికి తెలుగును ఎంచి, నచ్చిన ఫాంటు పెట్టుకొంటే పని చక్కబడుతుంది. వర్గం పేరుతో నాకు సమ్మతి లేదు. మన గుండ్రని అక్షరాలలో సంక్లిష్టతేమున్నది! పాత కీబోర్డు అలవాటు పోవడం లేదన్నాడు. ఇది కొంత కష్టమే. భారత ప్రభుత్వం నిర్ణయించిన ఇన్‌స్క్రిప్ట్ అమరిక నేర్చుకొమ్మన్నాను. ఎడమచేతివైపు అచ్చులు, కుడివైపు హల్లులు. ఏ యంత్రంలోనైనా అదే. నాలుగవది ఫాంట్లు అందంగా లేవన్నది. అది ఒకనాటి మాట. సిలికానాంధ్ర పూనికతో వెలువడిన ఫాంట్లు పెద్దన, ధూర్జటి, గురజాడ, గిడుగు వంటి పేర్లతో అందరికీ స్వేచ్ఛగా దొరుకుచున్నవి. వాటిలో సురవరం పేరుతోనూ ఒకటి ఉన్నది. నా పాఠ్యప్రణాళికల శీర్షికలన్నీ ఆ అక్షరాలలోనే వేసుకొంటాను.

పెద్ద ఎత్తున ఇది సాధ్యమేనా అన్న ప్రశ్నకు కేరళ సమాధానం. అక్కడ 2001లో ‘ఐటీ ఎట్ స్కూల్’ అనే పథకం మొదలైనది. క్రమంగా ప్రభుత్వ పాఠశాలల కంప్యూటరు చదువంతా స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుమీదికి వచ్చినది. 2017లో ఆ పథకమే ‘కైట్’ అనే ప్రభుత్వ సంస్థ అయినది. వారి విజయంలో యంత్రాలకంటె ఉపాధ్యాయుల శిక్షణకు ఎక్కువ భాగమున్నదని నా అభిప్రాయం. సాఫ్ట్‌వేరు మార్చి, పంతులుకు చెప్పకపోతే ఏమవుతుంది? పంతులు మరునాడే పాతదానిని వెదకికొంటాడు. జర్మనీలోని మ్యూనిక్ నగరపాలక సంఘం 2003లో ఈ దారి పట్టి, వేలకొలది యంత్రాలను మార్చి, 2017లో తిరిగి విండోసుకే పోవాలని తీర్మానించినది. ఈ సంగతి దాచడం నాకిష్టం లేదు. ఆ దేశంలోనే ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రం 2024లో తన ముప్పదివేల యంత్రాలకు లిబ్రేఆఫీసునే నిర్ణయించుకొన్నది. పట్టుదల, శిక్షణ, పైవారి అండ లేనిచోట ఏ మార్పూ నిలువదు. మన దేశంలోనూ బహిరంగ ప్రమాణాలను గురించి 2010లో, ఓపెన్ సోర్సు వాడకాన్ని గురించి 2015లో కేంద్ర ప్రభుత్వం విధానాలు ప్రకటించినది. కాగితంమీది విధానం చేవెళ్ళ బాటలో ఎంతదూరం వచ్చినదో ఉపాధ్యాయులే చెప్పవలె.

విద్యార్థులకొక మాట. మా మండలంలోనే చిలుకూరు బాలాజీ ఉన్నాడు. వీసా కావలెనని పదకొండు ప్రదక్షిణలు, వచ్చిన తరువాత నూట ఎనిమిది చేసే యువకులను ఎన్నోసార్లు చూచినాను. వారి కోరిక తీరవలెననే నా ఆకాంక్ష. కాని సాఫ్ట్‌వేరు అనగానే ఎక్కడో విదేశంలో ఎవరో చేసేది, మనం పోయి చేరవలసినది అన్న భావం పదవ తరగతినుండే నాటుకొనుచున్నది. కనకమామిడిలో కూర్చున్న తెలుగు మాధ్యమపు పిల్లవాడు లిబ్రేఆఫీసులోని ఒక తెలుగు మాటను సరిదిద్దితే, ఆ దిద్దుబాటు తెలుగులో దానిని వాడే ప్రతివానికీ చేరుతుంది. దానికి వీసా అక్కరలేదు.

నా శిష్యుడు ఏప్రిల్‌లో ఒక యంత్రంలో, జూన్‌లో బడి తెరచిన తరువాత తక్కిన తొమ్మిదింటిలో లిబ్రేఆఫీసు వేసినాడు. ప్రశ్నపత్రాలు, మార్కుల పట్టికలు దానిలోనే నడుచుచున్నవి. రెండు యంత్రాలు మరీ పాతవి, తెరుచుకోవడానికి చాలసేపు పడుతుందని గొణుగుచున్నాడు. నా 38 కాగితాలను అతనికి చూపినాను. తొమ్మిదవ తరగతి పిల్లలను మళ్ళీ అవ్వల దగ్గరకు పంపుదామన్నాడు. ఈసారి వ్రాసినది వ్రాసినట్లు పిల్లలే యూనికోడులో టైపు చేస్తారు. నోటుబుక్కులు కూడ పారవేయవద్దని గట్టిగా చెప్పినాను.

మొన్న మొదటి ఫైలు పంపినాడు. 23 సామెతలు. వాటిలో ఆరు నా కాగితాలలో లేనివి. అక్షరదోషాలు చాల ఉన్నవి. ఈ ఆదివారం దిద్ది పంపవలె.